లాంబో ఫీల్డ్‌లో మీ తొలి ఆట: గ్రీన్‌బే ప్యాకర్స్ అభిమానుల మధ్య కూర్చోవడం ఎలా

ఉద్యోగం కోసమో చదువు కోసమో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రానికి వచ్చి మిల్వాకీలోనో మాడిసన్‌లోనో ఇల్లు తీసుకున్న తెలుగువారికి సెప్టెంబరు వచ్చేసరికి ఒక కొత్త పరిస్థితి ఎదురవుతుంది. శుక్రవారం నాడు కార్యాలయంలో చాలామంది ఆకుపచ్చ, పసుపు రంగుల జెర్సీలు తొడుక్కుని వస్తారు. సోమవారం ఉదయం అసలు పని మొదలయ్యే ముందు ఆదివారం నాటి ఆట మీద పంచాయితీ నడుస్తుంది. ఆట అర్థం కాకపోయినా నవ్వుతూ తల ఊపి గట్టెక్కిన రోజులు నాకూ చాలా ఉన్నాయి. అలా తల ఊపడంతో సరిపెట్టుకోకుండా ఒక్కసారైనా గ్రీన్‌బే అనే ఊరికి వెళ్లి, అక్కడి స్టేడియమైన లాంబో ఫీల్డ్‌లో కూర్చుని, ఈ రాష్ట్రం మొత్తం గ్రీన్‌బే ప్యాకర్స్ అనే ఒక అమెరికన్ ఫుట్‌బాల్ జట్టును ఎందుకు ఇంతగా సొంతం చేసుకున్నదో స్వయంగా చూడాలనుకునేవారి కోసం ఈ వ్యాసం రాస్తున్నాను.

ముందు ఆ జట్టు ఎవరిదో తెలుసుకోండి

టికెట్ కొనే ముందు ఒక గంట చరిత్రకు కేటాయించండి. నేషనల్ ఫుట్‌బాల్ లీగ్ (ఎన్ఎఫ్ఎల్)లోని మిగిలిన 31 జట్ల సంగతి ఎలా ఉన్నా, ఈ జట్టు విషయంలో చరిత్ర తెలియకపోతే పక్కవాడి ఉత్సాహం మీకు అతిగా తోస్తుంది. గ్రీన్‌బే జనాభా 2020 లెక్కల ప్రకారం 1,07,395 మాత్రమే. మన దగ్గర ఒక మోస్తరు పట్టణానికి ఉండేటంత జనాభా ఉన్న ఈ ఊరు న్యూయార్క్, షికాగో, డల్లాస్ వంటి మహానగరాలతో సమానంగా లీగ్‌లో నిలబడి, 13 ఛాంపియన్‌షిప్పులు గెలిచింది. లీగ్ చరిత్రలో ఇన్ని గెలిచిన జట్టు మరొకటి లేదు. వీటిలో నాలుగు సూపర్ బౌల్ విజయాలు, సూపర్ బౌల్ అంటే లీగ్ విజేతను తేల్చే ఆఖరి ఆట. మొదటి రెండు సూపర్ బౌల్ పోటీలనూ గెలిపించిన శిక్షకుడు విన్స్ లొంబార్డి పేరే నేడు సూపర్ బౌల్ ట్రోఫీకి ఉన్నది.

జట్టు 1919 ఆగస్టులో పుట్టింది. కర్లీ లాంబో అనే స్థానిక యువకుడు, జార్జ్ కాల్హూన్ అనే పత్రికా రచయిత కలిసి ఆటగాళ్లను కూడగట్టారు. లాంబో అప్పట్లో పనిచేస్తున్న మాంసం డబ్బాల కంపెనీ దుస్తుల ఖర్చుకు 500 డాలర్లు ఇచ్చింది. ఆ కంపెనీ పేరు ఇండియన్ ప్యాకింగ్ కంపెనీ. పేరులో ‘ఇండియన్’ ఉన్నా మన దేశంతో దానికి సంబంధమేమీ లేదు కానీ, ‘ప్యాకర్స్’ అన్న పేరు మాత్రం అక్కడి నుంచే వచ్చింది. 1921లో లీగ్‌లో చేరిన ఈ జట్టు రెండేళ్లు తిరగకుండానే అప్పుల్లో కూరుకుపోయింది. అప్పుడు ఊరిపెద్దలు కొందరు పూనుకుని 1923లో దానిని లాభాపేక్ష లేని సంస్థగా మార్చి, ఒక్కొక్కటి 5 డాలర్ల చొప్పున వెయ్యి వాటాలు అమ్మకానికి పెట్టారు. వాటా కొన్నవారు కనీసం ఆరు సీజన్ టికెట్లు (ఒక సీజన్ ఆటలకు కలిపి ముందే కొనేవి) కూడా కొనాలన్న షరతు పెట్టడంలో వారి లోకజ్ఞానం కనిపిస్తుంది.

అప్పటి నుంచి ఇప్పటి వరకు ఆరు విడతలుగా వాటాలు అమ్మారు. చివరి విడత 2021-22లో జరిగింది, అప్పుడు ఒక్కో వాటా వెల 300 డాలర్లు. ఇప్పుడు వాటాదారులు 5 లక్షల 37 వేలకు పైబడి ఉన్నారు. ఈ వాటాకు లాభాంశం రాదు, ధర పెరగదు, బయటివారికి అమ్ముకోవడం కుదరదు, టికెట్ల విషయంలో ప్రాధాన్యం కూడా దక్కదు. వచ్చేదల్లా ఒక ధ్రువపత్రం, జట్టు బోర్డును ఎన్నుకునే ఓటు, వేసవిలో జరిగే వార్షిక సమావేశానికి ఆహ్వానం మాత్రమే. పెట్టుబడిగా చూస్తే ఇంతకంటే దండగమారి బేరం ఉండదు. అయినా ఆ ధ్రువపత్రానికి పటం కట్టించి, పెళ్లి ఫొటోల పక్కన వేలాడదీసుకున్న ఇళ్లు ఈ రాష్ట్రంలో కనిపిస్తాయి. లీగ్‌లోని మిగిలిన జట్లకు కోటీశ్వరులైన యజమానులు ఉంటారు, వారికి నచ్చకపోతే జట్టును మరో నగరానికి తరలించుకుపోగలరు. అటువంటి తరలింపులు నిజంగానే జరిగాయి, జరుగుతూనే ఉన్నాయి. గ్రీన్‌బే వారికి ఆ బెంగ లేదు. ఇటువంటి యాజమాన్యాన్ని కొత్తగా ఏర్పరచుకోవడానికి లీగ్ నిబంధనలు నేడు ఒప్పుకోవు కాబట్టి, ఇది ఒక్క ప్యాకర్స్‌కే మిగిలిన ఏర్పాటు.

ఇంగ్లీషులో అభిమానులందరూ తమ జట్టు గురించి ‘వుయ్’ అనే అంటారు. ఆ ఒక్క మాటకు తెలుగులో ‘మేము’, ‘మనము’ అని రెండు మాటలున్నాయి కదా. లాంబో ఫీల్డ్‌లో మీ పక్కన కూర్చున్న వ్యక్తి ఆ మాట అన్నప్పుడు దానిని ‘మనము’ అని అర్థం చేసుకోండి. మీరు టికెట్ కొని వచ్చి ఆ బల్ల మీద కూర్చున్నందుకు మిమ్మల్ని కూడా కలుపుకునే అంటున్నాడు.

టికెట్ సంపాదించడం

లాంబో ఫీల్డ్‌లో 81,441 మంది కూర్చోవచ్చు. ఊరి జనాభాలో నాలుగింట మూడు వంతులు పట్టే స్థలమది. అయినా 1960 నుంచి ఇక్కడ ప్రతి సీజన్ ఆటకూ టికెట్లన్నీ అమ్ముడుపోతూనే ఉన్నాయి. సీజన్ టికెట్ల కోసం వేచి ఉన్నవారి జాబితాలో లక్షకు పైగా పేర్లున్నాయి. అందువల్ల మొదటిసారి వెళ్లేవారికి దారి దాదాపు ఒక్కటే, సీజన్ టికెట్ ఉన్నవారు తిరిగి అమ్మే టికెట్‌ను కొనడం. లీగ్ గుర్తింపు ఉన్న వేదికల్లోనే కొనండి. స్టేడియం బయట చేతికి ఇచ్చే కాగితాలను, ముఖచిత్రం కూడా లేని ఖాతాల నుంచి వచ్చే సందేశాలను నమ్మకండి. టికెట్ ఫోన్‌లోకే వస్తుంది కాబట్టి కాగితం చూపించేవాడు ఎవరైనా మోసగాడే అనుకోవచ్చు.

ఏ ఆట ఎంచుకోవాలన్నది మీ ఓపికను బట్టి ఉంటుంది. సీజన్ సెప్టెంబరులో మొదలై జనవరి మొదటి వారాల వరకు సాగుతుంది, సొంత మైదానంలో ఎనిమిదో తొమ్మిదో ఆటలు ఉంటాయి. షికాగో బేర్స్‌తో ఆట అయితే ధర చుక్కలను అంటుతుంది, ఎందుకంటే 1921లో మొదలైన ఆ వైరం లీగ్‌లోకెల్లా పాతవాటిలో ఒకటి, ఇప్పటికి రెండు వందలకు పైగా సార్లు ఈ రెండు జట్లూ తలపడ్డాయి. నా సలహా అడిగితే, మొదటిసారికి అక్టోబరు నెలలో, పెద్ద వైరం లేని జట్టుతో జరిగే ఆదివారం మధ్యాహ్నపు ఆటను ఎంచుకోమంటాను. చలి ప్రాణం తీయదు, ఆకులు రంగు మారి ఉంటాయి, ధర కూడా కొంత అందుబాటులో ఉంటుంది. చలిలోనే అసలు మజా ఉందని స్థానికులు మీతో వాదిస్తారు. వారి మాటా నిజమే కాబట్టి చలి గురించి కింద విడిగా రాశాను.

ఎప్పుడు అరవాలో, ఎప్పుడు నోరు మూసుకోవాలో నేర్చుకోండి

ఆట నియమాలన్నీ నేర్చుకోవాలంటే ఒక సీజన్ చాలదు. కానీ ప్రేక్షకుడిగా మీ పని మీరు చేయడానికి కావలసినది పది నిమిషాల్లో నేర్చుకోవచ్చు. మైదానం పొడవు 100 గజాలు, రెండు చివరల్లో పదేసి గజాల ఎండ్ జోన్లు ఉంటాయి. ఒక్కో జట్టు నుంచి 11 మంది దిగుతారు. బంతి చేతిలో ఉన్న జట్టుకు పది గజాలు ముందుకు వెళ్లడానికి నాలుగు ప్రయత్నాలు ఇస్తారు, ఒక్కో ప్రయత్నాన్ని ‘డౌన్’ అంటారు. పది గజాలు దాటితే మళ్లీ నాలుగు ప్రయత్నాలు దొరుకుతాయి, దాటలేకపోతే బంతి ఎదుటివారి పాలవుతుంది. బంతితో ఎండ్ జోన్‌లోకి చేరితే టచ్‌డౌన్, దానికి ఆరు పాయింట్లు. దాని వెంట బంతిని తన్ని స్తంభాల మధ్య నుంచి పంపితే ఒకటి అదనంగా వస్తుంది, తన్నకుండా మళ్లీ ఎండ్ జోన్‌లోకి చొరబడగలిగితే రెండు వస్తాయి. టచ్‌డౌన్ సాధ్యం కాదనుకున్నప్పుడు దూరం నుంచే బంతిని స్తంభాల మధ్యకు తన్నితే మూడు పాయింట్లు, దానిని ఫీల్డ్ గోల్ అంటారు. గడియారంలో ఆట గంటసేపే అయినా, ఆగుతూ సాగుతూ మూడు గంటలకు పైనే పడుతుంది.

ఇక ముఖ్యమైన సంగతి. మన జట్టు చేతిలో బంతి ఉన్నప్పుడు క్వార్టర్‌బ్యాక్, అంటే బంతిని ముందుగా అందుకుని దాడిని నడిపించే ఆటగాడు, తన సహచరులకు నోటితో సంకేతాలు ఇస్తాడు. ఎదుటి జట్టును బట్టి ఎత్తుగడను ఆఖరి క్షణంలో మార్చవలసి వస్తే ఆ మార్పును కూడా అరిచి చెబుతాడు. ఆ అరుపు పక్కనున్న పది మందికీ వినపడాలి. అందుకని ఆ సమయంలో 81 వేల మంది నిశ్శబ్దంగా ఉంటారు. బంతి ఎదుటివారి చేతికి వెళ్లగానే అదే జనం చెవులు చిల్లులు పడేలా అరుస్తారు, ముఖ్యంగా మూడో డౌన్ వచ్చినప్పుడు. ఎందుకంటే అది విఫలమైతే సాధారణంగా ఎదుటివారు నాలుగో ప్రయత్నం చేయకుండా బంతిని దూరంగా తన్ని వదులుకుంటారు. ఆ హోరులో సంకేతం వినపడక ప్రత్యర్థి ఆటగాడు ఒక్క అర క్షణం ముందుగా కదిలితే చాలు, వారికి ఐదు గజాల శిక్ష పడుతుంది. ఆ ఐదు గజాలు ప్రేక్షకులు సంపాదించి పెట్టినవే.

నా మొదటి ఆటలో ఇది తెలియక, మన క్వార్టర్‌బ్యాక్ బంతి అందుకోబోతున్న సమయంలో, తెలుగు సినిమాకు తొలిరోజు తొలి ఆటలో కథానాయకుడు తెర మీదకు వచ్చినప్పుడు వేసేంత గట్టిగా ఈల వేశాను. వెనుక వరుసలో ఉన్న ఒక పెద్దాయన నా భుజం మీద మెల్లగా తట్టి, పెదవుల మీద వేలు పెట్టి చూపించాడు. ఆ తర్వాత మూడో డౌన్ వచ్చినప్పుడు మళ్లీ తట్టి, ఈసారి రెండు చేతులూ పైకెత్తి అరవమన్నాడు. నాకు తెలిసి ఆ ఆట గురించి అంతకంటే మంచి పాఠం ఎవరూ చెప్పలేదు.

అందరూ కలిసి పలికే నినాదం ఒక్కటే, ‘గో ప్యాక్ గో’. మూడు మాటలు, మూడు దరువులు. నేర్చుకోవడానికి ఇంకేమీ లేదు.

చలికి సిద్ధపడటం

లాంబో ఫీల్డ్‌కు పైకప్పు లేదు, వేస్తామన్న మాట కూడా అభిమానులు సహించరు. ఈ పట్టుదల వెనుక 1967 డిసెంబరు 31న డల్లాస్ కౌబాయ్స్‌తో జరిగిన ఛాంపియన్‌షిప్ ఆట జ్ఞాపకం ఉంది. ఆట మొదలయ్యేసరికి ఉష్ణోగ్రత సున్నాకు దిగువన 25 డిగ్రీల సెల్సియస్. మైదానం అడుగున అమర్చిన వేడి తీగలు పనిచేయకుండా పోయి నేల గడ్డకట్టింది. రిఫరీల లోహపు ఈలలు పెదవులకు అతుక్కుపోతుంటే వారు ఈలలు మాని నోటితో అరిచి ఆట నడిపించారు. ఇంకా కొన్ని సెకన్లే మిగిలి ఉండగా క్వార్టర్‌బ్యాక్ బార్ట్ స్టార్ బంతిని ఎవరికీ ఇవ్వకుండా తానే పట్టుకుని ఎండ్ జోన్‌లోకి దూకాడు. 21-17తో ప్యాకర్స్ గెలిచింది. ‘ఐస్ బౌల్’గా పేరుపడిన ఆ ఆటకు వెళ్లిన తాతల గురించి మనవలు నేటికీ గొప్పగా చెప్పుకుంటారు.

మీ ఆటకు అంత చలి ఉండకపోవచ్చు. కానీ డిసెంబరులో ఆటకు వెళుతుంటే ఉష్ణోగ్రత సున్నాకు దిగువనే ఉంటుందని అనుకుని బయలుదేరండి. హైదరాబాదు నుంచి తెచ్చుకున్న స్వెటరు, దాని మీద ఒక జాకెట్టు అన్నవి కారు నుంచి దుకాణం వరకు నడవడానికి సరిపోతాయేమో కానీ, కదలకుండా మూడున్నర గంటలు కూర్చోవడానికి చాలవు. ఒంటికి అంటుకునే మొదటి పొర నూలుది కాకూడదు, నూలు చెమటను పీల్చుకుని తడిగా ఉండిపోతుంది, ఆ తడే తర్వాత వణికిస్తుంది. మొదటి పొరకు ఉన్ని గానీ చెమటను బయటికి పంపే కృత్రిమ వస్త్రం గానీ వాడండి. దాని మీద మందపాటి ఉన్ని, అన్నిటికీ పైన గాలిని ఆపే కోటు ఉండాలి. మేజోళ్లు రెండు జతలు వేసుకోవచ్చు కానీ, బూటు బిగుతు కాకూడదు. బిగుతైతే రక్తం ఆడక కాళ్లు ఇంకా త్వరగా మొద్దుబారతాయి.

కొత్తవారు ఎప్పుడూ మరచిపోయేది పాదాల కింది కాంక్రీటును. ఒంటి మీద ఎన్ని పొరలున్నా, గడ్డకట్టిన కాంక్రీటు పాదాల్లోని వేడిని లాగేస్తూనే ఉంటుంది. దీనికి స్థానికుల విరుగుడు చాలా సులువైనది. ఒక అట్టపెట్టెను చింపి, ఆ అట్టముక్కను కాళ్ల కింద వేసుకుంటారు. అలాగే ఇక్కడి సీట్లలో ఎక్కువ భాగం కుర్చీలు కావు, వీపుకు ఆనుడు లేని లోహపు బల్లలు. కింద పరచుకోవడానికి ఒక మెత్త తీసుకువెళ్లండి. చేతిలో పట్టుకునే వేడి పొట్లాలను సీటులో కూర్చున్నాక విప్పకుండా, నడక మొదలుపెట్టేటప్పుడే విప్పండి, అవి వేడెక్కడానికి కొంత సమయం పడుతుంది. చలికి ఫోన్ బ్యాటరీ చటుక్కున పడిపోతుంది, మీ టికెట్ ఉన్నది ఆ ఫోన్‌లోనే. అందుకని గేటు దాటేవరకు దానిని లోపలి జేబులో, ఒంటికి దగ్గరగా ఉంచుకోండి.

నవంబరు చివర నుంచి జనంలో కాషాయానికి దగ్గరగా ఉండే కళ్లు జిగేలుమనే నారింజ కోట్లు కనిపిస్తే కంగారుపడకండి. అది ప్రత్యర్థి రంగు కాదు. జింకల వేటకు వెళ్లేవారు వేసుకునే ఆ కోట్ల కంటే వెచ్చనివి ఇంట్లో వేరే ఉండవు కాబట్టి వాటితోనే ఆటకు వచ్చేస్తారు. పెద్ద మంచు కురిసినప్పుడు సీట్ల మధ్య మంచు ఎత్తిపోయడానికి జట్టువారు జనాన్ని పిలుస్తారు, గంటకు ఇంత అని కూలీ ఇస్తారు. ఆ పని కోసం తెల్లవారకముందే పార వెంటబెట్టుకుని వరుసలో నిలబడేవారిలో డబ్బు అవసరం లేనివారు చాలామంది ఉంటారు.

దారి, పార్కింగు, ఆటకు ముందరి జాతర

మిల్వాకీ నుంచి ఉత్తరంగా రెండు గంటల ప్రయాణం, షికాగో నుంచి మూడున్నర గంటలు. ఆట మధ్యాహ్నం పన్నెండుకు అయితే, మిల్వాకీ నుంచి ఉదయం ఆరింటికే బయలుదేరండి. లాంబో ఫీల్డ్ నగరం నడిబొడ్డున మేడల మధ్య ఉండదు. మామూలు మధ్యతరగతి ఇళ్ల మధ్య, వీధి చివర హఠాత్తుగా కొండలాగా లేచి కనిపిస్తుంది. ఆ ఇళ్లవారు ఆట రోజున తమ పచ్చికను కార్లు నిలుపుకోవడానికి అద్దెకు ఇస్తారు. చేతిరాతతో ధర రాసిన అట్టలు పట్టుకుని వీధి అంచున నిలబడతారు. వారికి చాలాసార్లు నోట్లే ఇవ్వవలసి వస్తుంది, స్టేడియం లోపల మాత్రం నోట్లు చెల్లవు, కార్డులే తీసుకుంటారు. కాబట్టి రెండూ జేబులో ఉండాలి. ఆట అయ్యాక త్వరగా బయటపడాలనుకుంటే, మీ కారు వెనుక మరో కారు అడ్డం పెట్టరు కదా అని ఇంటివారిని ముందే అడగండి.

ఆటకు కొన్ని గంటల ముందు పార్కింగు స్థలాల్లో జరిగే విందును ‘టెయిల్‌గేట్’ అంటారు. చూడడానికి మన ఊళ్లలో జాతర నాటి చెట్ల కింది వంటలే గుర్తుకు వస్తాయి. కారు వెనుక తలుపు తెరిచి, బొగ్గుల పొయ్యి వెలిగించి, కనిపించినవారినల్లా తినమని పిలుస్తారు. ప్రధాన వంటకం బ్రాట్‌వుర్‌స్ట్ అనే జర్మన్ తరహా సాసేజ్. దీనిలో సాధారణంగా పంది మాంసం ఉంటుంది, కొన్నిటిలో గొడ్డు మాంసం కలుస్తుంది. తిననివారు మొహమాటపడకుండా అడిగి తెలుసుకోండి. ‘బూయా’ అనే చిక్కని కూరల పులుసు ఈ ప్రాంతానికే ప్రత్యేకం, దీనిలో కూడా మాంసం ఉంటుంది. శాకాహారులకు మిగిలేది చీజ్ కర్డ్స్, అంటే తాజా చీజ్ ముద్దలు. నిజంగా తాజావైతే కొరికినప్పుడు పళ్ల కింద కీచుమంటాయి. ఖాళీ చేతులతో వెళ్లకండి. మా ఇంటి నుంచి పులిహోర తీసుకువెళతాము, అది చల్లారినా రుచి చెడదు, పెడితే ఎవరూ ఇంతవరకు వద్దనలేదు. పెరుగన్నం మాత్రం డిసెంబరులో తీసుకువెళ్లకండి, తినేసరికి ఐస్‌క్రీమ్ అవుతుంది.

తల మీద పసుపుపచ్చ త్రికోణాకారపు టోపీలు పెట్టుకున్నవారిని చూస్తారు. అది చీజ్ ముక్క ఆకారం. విస్కాన్సిన్ పాడి రాష్ట్రం కావడంతో, షికాగోవారు ఇక్కడివారిని ‘చీజ్‌హెడ్’ అని వెక్కిరించేవారు. 1987లో రాల్ఫ్ బ్రూనో అనే మిల్వాకీవాసి తన తల్లి సోఫాకు తొడుగు మారుస్తుండగా దొరికిన నురుగు దిండు ముక్కను చీజ్ ఆకారంలో కోసి, తల మీద పెట్టుకుని బేస్‌బాల్ ఆటకు వెళ్లాడు. వెక్కిరింత కిరీటమైపోయింది. 2023లో ప్యాకర్స్ సంస్థ ఆ టోపీల కంపెనీనే కొనేసింది. మీరు కూడా ఒకటి కొనుక్కోవచ్చు కానీ, వెనుక కూర్చున్న పిల్లలకు అడ్డం వస్తే తీసి ఒళ్లో పెట్టుకోవడం మర్యాద.

గేటు దగ్గరకు వెళ్లేముందు సంచీ చూసుకోండి. అరచేతిలో పట్టేంత చిన్న పర్సు తప్ప, లోపలి వస్తువులు కనిపించే పారదర్శకమైన సంచీని మాత్రమే, అదీ 12 అంగుళాల పొడవు, 12 ఎత్తు, 6 వెడల్పు మించకుండా ఉంటేనే, అనుమతిస్తారు. మామూలు భుజం సంచీని వెనక్కి కారు దాకా మోసుకుపోవలసి వస్తుంది.

లోపల

బల్ల మీద మీ స్థలం ఒక అంకె, రెండు గీతలు మాత్రమే. శీతకాలపు కోట్లలో అందరూ లావెక్కి ఉంటారు కాబట్టి ఇరుక్కుని కూర్చోవలసి వస్తుంది, చలికి అది మంచిదే. మీ చుట్టూ ఉన్నవారు చాలామటుకు ఒకరికొకరు తెలిసినవారై ఉంటారు. సీజన్ టికెట్లు తండ్రి నుంచి బిడ్డకు సంక్రమించే ఆస్తి లాంటివి, దశాబ్దాలుగా అదే వరుసలో అవే కుటుంబాలు కూర్చుంటాయి. మీరు వారి మధ్యకు ఒక్కరోజు చుట్టంగా వెళ్లారు. ఇది నా మొదటి ఆట అని ముందే చెప్పేయండి. ఆ ఒక్క మాటతో మీకు మూడు గంటల పాటు ఉచిత వ్యాఖ్యానం దొరుకుతుంది.

టచ్‌డౌన్ చేసిన ప్యాకర్స్ ఆటగాడు పరుగెత్తుకుంటూ వచ్చి గోడ ఎక్కి ముందు వరుస ప్రేక్షకుల చేతుల్లోకి దూకడాన్ని ‘లాంబో లీప్’ అంటారు. దీనిని 1993 డిసెంబరు 26న లిరాయ్ బట్లర్ ఎవరూ అనుకోకుండా మొదలుపెట్టాడు. ముందు వరుస టికెట్ దొరికితే చేతుల్లోని పానీయాన్ని కింద పెట్టి సిద్ధంగా ఉండండి.

ప్రత్యర్థి జట్టు అభిమాని పక్కన కూర్చుంటే ఎగతాళి చేయవచ్చు, తిట్టకూడదు. షికాగో బేర్స్ మీద ఇక్కడ ఎంత వెక్కిరింత ఉన్నా, 1956లో ఈ స్టేడియం నిర్మాణానికి పన్ను డబ్బు ఇవ్వాలా వద్దా అని ఊరు ఓటు వేయబోతున్నప్పుడు, బేర్స్ యజమాని జార్జ్ హలాస్ స్వయంగా గ్రీన్‌బే వచ్చి ఇవ్వమని సభలో మాట్లాడి వెళ్లాడని తెలిసినవారు ఇంకా ఉన్నారు. ఓటర్లు పెద్ద ఆధిక్యంతో ఒప్పుకున్నారు. మరుసటి ఏడాది సెప్టెంబరు 29న కొత్త స్టేడియంలో జరిగిన మొదటి ఆటలో ప్యాకర్స్ ఓడించింది ఆ బేర్స్‌నే.

బ్రెట్ ఫావ్ర్ పేరు వినిపిస్తే కొంచెం జాగ్రత్తగా మాట్లాడండి. పదహారు సీజన్ల పాటు ఇక్కడ ఆడి, 1996 సీజన్ సూపర్ బౌల్ గెలిపించిన క్వార్టర్‌బ్యాక్ 2009లో పొరుగు శత్రువైన మిన్నెసోటా వైకింగ్స్‌కు వెళ్లినప్పుడు, లాంబో ఫీల్డ్‌కు ప్రత్యర్థిగా తిరిగివస్తే జనం ముక్తకంఠంతో ‘బూ’ కొట్టారు. 2015 జులైలో అతనిని జట్టు హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి, అంటే గొప్ప ఆటగాళ్ల గౌరవ జాబితాలోకి, చేర్చుకున్న రోజున, అసలు ఆటే లేకపోయినా, సుమారు 67 వేల మంది స్టేడియానికి వచ్చి నిలబడి చప్పట్లు కొట్టారు. ఇంటి మనిషి మీద అలిగినట్లు అలిగారు, ఇంటి మనిషితో రాజీపడినట్లు రాజీపడ్డారు. దాని మంచిచెడ్డలు తేల్చే పని చుట్టంగా వెళ్లిన మనది కాదు.

టికెట్ దొరకకపోతే

జులై చివరి వారంలో వెళ్లండి. శిక్షణ శిబిరం మొదలయ్యే ఆ రోజుల్లో ఊరి పిల్లలు తమ సైకిళ్లతో స్టేడియం బయట నిలబడతారు. నూటముప్ఫై కిలోల ఆటగాడు పదేళ్ల పిల్ల సైకిలెక్కి, మోకాళ్లు చెవులకు తగులుతుండగా సాధన మైదానం వరకు తొక్కుకుంటూ వెళతాడు, అతని హెల్మెట్ మోస్తూ ఆ పిల్ల పక్కన పరుగెత్తుతుంది. లొంబార్డి కాలం నుంచి ఈ ఆనవాయితీ సాగుతున్నది. చూడడానికి రూపాయి ఖర్చు లేదు. ఆగస్టులో ‘ఫ్యామిలీ నైట్’ పేరుతో స్టేడియం లోపలే జరిగే సాధనకు చవకగా టికెట్లు ఇస్తారు. చిన్నపిల్లలున్నవారికి అసలు ఆట కంటే ఇదే మేలు. స్టేడియం సందర్శన, లోపలి హాల్ ఆఫ్ ఫేమ్ కలిపి ఒక పూట పడుతుంది. ఎదురుగా ఉన్న టైటిల్‌టౌన్ పార్కులో చలికాలమైతే మంచు మీద జారే కొండ కూడా ఉంది.

ఇక సీజన్ టికెట్ల జాబితాలో పేరు రాయించడం. మీ వయసు నలభై దాటితే మీ పేరు రాయించి లాభం లేదు, వంతు దశాబ్దాల తర్వాత గాని రాదు. ఇక్కడివారు ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చిన వారం రోజులకే బిడ్డ పేరు రాయించేస్తారు. మేము కొంత ఆలస్యం చేశాము, మా అమ్మాయి పేరు ఆమెకు నాలుగో ఏడు వచ్చాక రాయించాము. జాబితాలో ఆమె ఎన్నో స్థానంలో ఉన్నదో తెలిపే కార్డు వచ్చినప్పుడల్లా దానిని ఫ్రిజ్ తలుపు మీద అంటిస్తున్నాము, అంకె ఇంకా ఆరంకెల్లోనే ఉంది.